స్క్వీజ్ బాటిల్ మూత ఇలా ఎందుకు తయారైంది

సాస్, షాంపూ, గిన్నెలు తోమే లిక్విడ్, ఫెవికాల్, తేనె. నొక్కితే బయటికొచ్చే ఇలాంటి సీసాల మూతలను మళ్లీ మొదటి నుంచి గీసుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఈపీఆర్ (ప్యాకింగ్ చెత్త బాధ్యతను దాన్ని అమ్మిన కంపెనీ మీదే పెట్టే విధానం) మార్గదర్శకాలు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలన్నాయి. 2028-29కి అది 60 శాతానికి చేరాలి. ఇందులో సీసా కంటే మూత దగ్గరే చిక్కు ఎక్కువ. ఆ చిక్కు అర్థం కావాలంటే మూత చరిత్ర తెలియాలి.

నొక్కి వాడుకోవడం ప్లాస్టిక్ కంటే పాత సంగతి. లండన్‌లో ఉంటున్న అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్, రంగులు ఎండిపోకుండా దాచుకోవడానికి తగరపు ట్యూబు తయారుచేసి 1841లో పేటెంట్ తీసుకున్నాడు. లోహపు ట్యూబును నొక్కితే నొక్కినట్టే ఉండిపోతుంది. లోపలికి గాలి పోవాల్సిన పని లేదు కాబట్టి మామూలు మరమూత సరిపోయింది.

ప్లాస్టిక్ సీసా అలా కాదు. చెయ్యి వదలగానే మళ్లీ ఉబ్బుతుంది, ఉబ్బడానికి గాలి కావాలి. ద్రవం బయటికి రావడానికీ, గాలి లోపలికి పోవడానికీ మూతలో ఉన్నది ఒకటే చిన్న రంధ్రం. సాస్ ఒక్కోసారి చప్పుడు చేస్తూ చొక్కా మీద చిమ్మేది ఇందుకే. లోపలికి వెళ్లిన గాలి నోటి దగ్గరే సాస్‌తో కలిసి ఇరుక్కుంటుంది, మళ్లీ నొక్కినప్పుడు రెండూ కలిసి బయటపడతాయి.

పాలిథిలిన్ అనే మెత్తటి ప్లాస్టిక్‌ను 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా కనుగొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అది ఇళ్లలోకి వచ్చింది. 1947లో అమెరికాలో వచ్చిన స్టోపెట్ అనే డియోడరెంట్, నొక్కే ప్లాస్టిక్ సీసాను జనానికి అలవాటు చేసింది. కొన వైపు సన్నబడే నాజిల్ మూత మనకు బాగా తెలిసిన మరో రకం. ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర సాస్ సీసాకు ఇప్పటికీ ఉండేది అదే. బండివాళ్లు తమకు కావలసిన ధార వచ్చేలా బ్లేడుతో కొన కోసుకుంటారు. అంత చవగ్గా, అంత సులువుగా పనిచేసే మూత మరొకటి లేదని నాకనిపిస్తుంది.

ఆ నాజిల్ అంత సులువు కావడానికి కారణం డై, అంటే మూతను పోసే లోహపు అచ్చు. ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో కరిగిన దానా (ప్లాస్టిక్ గుళికలు) డై రెండు సగాల మధ్య ఖాళీలోకి వెళ్లి చల్లబడుతుంది. బయటి ఆకారం కేవిటీ ఇస్తుంది, లోపలి ఆకారం కోర్ ఇస్తుంది. రెండూ తిన్నగా విడిపోతే మూత దానంతటదే కిందపడాలి. ఆ దారికి అడ్డొచ్చే ఏ వంపైనా మూతను డైలోనే పట్టేస్తుంది. దీన్నే అండర్‌కట్ అంటారు. మూత లోపలి మర కూడా అండర్‌కట్టే. దాన్ని విడిపించాలంటే కోర్ గిర్రున తిరుగుతూ వెనక్కి రావాలి. దానికి గేర్లు, వాటిని తిప్పే పళ్ల కడ్డీలు (రాక్‌లు) కావాలి. పక్కకు రంధ్రం పెట్టాలంటే డైలో పక్కకు జరిగే భాగం, అంటే స్లైడర్ కావాలి. కదిలే భాగం ఒక్కటి పెరిగినా డై ఖరీదు పెరుగుతుంది, అరిగిపోయే చోటు ఒకటి పెరుగుతుంది.

అందుకే డిజైనర్లు అండర్‌కట్‌ను తప్పించే ఉపాయాలు వెతికారు. మర అంచులను గుండ్రంగా చేస్తే, ఇంకా కాస్త వేడిగా ఉన్న మెత్తటి ప్లాస్టిక్ సాగి కోర్ మీద నుంచి జారి వచ్చేస్తుంది. మరకు బదులు చిన్న గట్టు పెడితే సీసా మెడకు టక్కున పట్టుకుంటుంది. పక్క రంధ్రం కావాలంటే కోర్, కేవిటీ ఏటవాలుగా ఒకదానికొకటి ఆనుకునేలా చేస్తారు. ఆనిన చోట ప్లాస్టిక్ చేరదు, స్లైడర్ లేకుండానే రంధ్రం వస్తుంది. ఇక గోడ మందం. చల్లబడే సమయం సుమారుగా మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగు రెట్లు. లక్షల్లో మూతలు తీసే మెషీన్ మీద నాలుగు సెకన్లు ఆదా అయినా అది పెద్ద మొత్తమే. షాంపూ మూత లోపల చూస్తే బోలుగా, పలచటి పక్కటెముకలతో కనిపించేది ఇందుకే.

1954లో ఇటలీలో జూలియో నట్టా బృందం తయారుచేసిన పాలిప్రొపిలిన్ అనే మరో ప్లాస్టిక్ మూతల దారి మార్చింది. పలచగా పోస్తే ఇది విరగకుండా వేల సార్లు మడత పడుతుంది. దాంతో మూత, దాని మీది తలుపు, మధ్యలో హింజ్ (మడత బందు) కలిపి ఒకే షాట్‌లో ఒకే ముక్కగా వచ్చాయి. మూత డైలో తెరుచుకున్న స్థితిలోనే తయారవుతుంది కాబట్టి ఇలా ఎత్తి తెరిచే ఫ్లిప్ టాప్‌కు స్లైడర్ బెడద తగ్గింది. అయితే ఈ హింజ్‌కు ఓ గుట్టు ఉంది. దానా హింజ్ గుండా అడ్డంగా ప్రవహించాలి, అప్పుడే అణువుల గొలుసులు మడతకు అడ్డంగా సర్దుకుంటాయి. గేటు (దానా డైలోకి వెళ్లే రంధ్రం) తప్పు చోట పెట్టి రెండు ప్రవాహాలు హింజ్ దగ్గర కలిసేలా చేస్తే, అతుకు పడిన చోటే తలుపు ఊడి చేతికొస్తుంది. వారానికే తలుపు ఊడే మూతలు చాలామంది చూసే ఉంటారు. అది వాడేవాళ్ల మొరటుతనం కాదు, డై తప్పు.

మన దేశంలో ఈ మూతలు అంత త్వరగా వ్యాపించలేదు. 1980లలో షాంపూను ఊరూరికీ చేర్చింది సాషే, దానికి మూతే లేదు. అదే కాలంలో పారాచూట్ కొబ్బరినూనె రేకు డబ్బాల నుంచి ప్లాస్టిక్‌కు మారింది. ఎలుకలు కొరుకుతాయని దుకాణదారులు భయపడితే, పళ్లకు పట్టు దొరకకుండా గుండ్రటి సీసా చేశారు. మూత కష్టం మాత్రం అలాగే ఉంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున సన్న రంధ్రం ఉన్న సీసాను ఎంత నొక్కినా చుక్క రాదు, ఎండలో పెట్టాల్సిందే. మన వాతావరణానికి సరిపడే మూతను మనమే గీసుకోవాలని నేను గట్టిగా నమ్మడానికి ఇదొక కారణం. ఆ పనికి కావలసిన చదువు ఈ నగరంలోనే ఉంది. బాలానగర్‌లో 1968లో మొదలైన సీఐటీడీ అనే సంస్థ డై డిజైన్ నేర్పుతోంది, చెర్లపల్లిలో ప్లాస్టిక్ చదువులు చెప్పే సీపెట్ ఉంది.

సాస్ చిమ్మే సమస్యకు జవాబు 1991లో దొరికింది. అమెరికాలోని మిషిగన్‌కు చెందిన పాల్ బ్రౌన్ అనే మౌల్డర్ (ప్లాస్టిక్ వస్తువులు డైలో పోసే వ్యాపారి), కత్తిరింపులున్న చిన్న సిలికోన్ వాల్వ్ కనిపెట్టాడు. నొక్కితే విచ్చుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది, కారదు. 2002లో హైంజ్ తెచ్చిన తలకిందుల కెచప్ సీసాలో ఉన్నది ఈ తరహా వాల్వే.

వాడేవాళ్లకు హాయిగా ఉన్న ఆ వాల్వే ఇప్పుడు రీసైక్లింగ్‌లో ఇబ్బంది పెడుతోంది. ముక్కలు చేసిన ప్లాస్టిక్‌ను నీళ్లలో వేసి వేరు చేస్తారు. పాలిప్రొపిలిన్ తేలుతుంది, పెట్ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) మునుగుతుంది. మామూలు సిలికోన్ కూడా మునిగి పెట్‌లో కలిసిపోతుంది. హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిలిన్) సీసాకు పాలిప్రొపిలిన్ మూత ఉంటే రెండూ తేలతాయి, నీళ్లతో విడదీయలేం. ఆ కలగాపులగం దానాతో మళ్లీ హింజ్ పోస్తే అది ఎక్కువ కాలం నిలవదు. తేలే రకం వాల్వ్‌లు వచ్చాయి. సీసా, మూత రెండింటినీ ఒకే ప్లాస్టిక్‌తో చేయడం ఇంకా మంచి దారి.

కానీ ఒక్కో ప్లాస్టిక్ చల్లబడేటప్పుడు ఒక్కోలా కుంచించుకుపోతుంది. పాలిప్రొపిలిన్‌కు కోసిన డైలో హెచ్‌డీపీఈ పోస్తే కొలతలు మారి, తలుపు లోపలి బిరడా రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. అంటే కొత్త డై కొయ్యాలి. డై మౌల్డర్ షెడ్డులో ఉంటుంది, ఈపీఆర్ లెక్క మాత్రం బ్రాండ్ పేరు మీద ఉంటుంది. ఆ డై ఖర్చు చిన్న మౌల్డర్ల మీద వెయ్యకుండా బ్రాండ్లే పెట్టుకోవాలి.