ప్రొపెల్లర్ నేలకు తగిలాక

పోయిన ఎండాకాలం పరకాల దగ్గర మా మేనమామ చేనులో రోటవేటర్ రాయికి తగిలింది. టప్పుమని ఒక్క చప్పుడు. రోటవేటర్ ఆగింది గానీ ట్రాక్టర్ ఇంజిన్ తిరుగుతూనే ఉంది. మామ కిందికి దిగి, ట్రాక్టర్ బలాన్ని రోటవేటర్‌కు చేర్చే పీటీవో షాఫ్ట్ దగ్గర రెండు ముక్కలైన షియర్ బోల్టును (దెబ్బ పడితే ముందుగా తానే విరిగేలా పెట్టేది) తీసి నా చేతిలో పెట్టాడు. "గిది ఇరిగింది కాబట్టే గేర్‌బాక్స్ బతికింది అల్లుడా" అన్నాడు. పది నిమిషాల్లో కొత్త బోల్టు బిగించి మళ్లీ దుక్కి మొదలుపెట్టాడు.

పాతకాలపు చిన్న విమానాల్లో అలాంటి బోల్టు ఉండదు. ఫ్లయింగ్ క్లబ్బుల కోసం ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ తయారుచేసిన పుష్పక్‌నే తీసుకోండి. 1958లో మొదటిసారి ఎగిరిన ఈ రెండు సీట్ల విమానంలో 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్ ఉంటుంది. ప్రొపెల్లర్‌ను నేరుగా ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ కొసకే బిగిస్తారు. మధ్యలో క్లచ్ లేదు, గేర్‌బాక్స్ లేదు. పైగా చిన్న చక్రం తోక కింద ఉండే రకం. బ్రేకు గట్టిగా పడ్డా, వానకు నానిన నల్లరేగడిలో ముందు చక్రాలు దిగబడ్డా తోక లేచి ముక్కు నేలకు పొడుచుకుంటుంది.

ఆ క్షణంలో ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. 1.8 మీటర్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2400 చుట్లు తిరిగితే దాని రెక్క కొస వేగం గంటకు దాదాపు 800 కిలోమీటర్లు. ఒక చుట్టుకు పట్టేది సెకనులో 40వ వంతు. అంత వేగంలో ఉన్న రెక్క మట్టిలో దిగితే ఆ దెబ్బ తిన్నగా క్రాంక్‌షాఫ్ట్‌కే పోతుంది. చెక్క ప్రొపెల్లర్ అయితే ముక్కలుగా చీలిపోతుంది. మామ బోల్టులాగే తాను విరిగి దెబ్బను కొంత మింగుతుంది. అల్యూమినియం రెక్క విరగదు, వంగుతుంది. వంకరను బట్టి కొంత కథ కూడా తెలుస్తుంది. కొసలు ముందుకు ముడుచుకుంటే ఇంజిన్ అప్పుడు బలంగా లాగుతోందనీ, వెనక్కి వంగితే పవర్ అంతగా లేదనీ సాధారణంగా అర్థం చేసుకుంటారు.

ఇదంతా చెబితే మామ అడిగాడు: "మరి ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తే తెల్వదా? మంచిగ నడుస్తే ఇంకేంది?"

నాకు భయమేసేది సరిగ్గా ఆ మాటకే. క్రాంక్‌షాఫ్ట్‌లో వెంట్రుకంత పగులు ఉన్నా ఇంజిన్ మామూలుగానే తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి చుట్టుకూ రెండు పేలుళ్లు, అంటే గంటకు 2,88,000. ఒక్కో పేలుడుకూ షాఫ్ట్ రవ్వంత మెలితిరుగుతుంది, పగులు రవ్వంత సాగుతుంది. విరగడం ఈ రోజే కానక్కర్లేదు. ఎన్నో గంటలు బాగా ఎగిరాక, అడవి మీద ఉన్నప్పుడు విరగవచ్చు.

చాలా చిన్న విమానాల్లో ఉండే లైకమింగ్ ఇంజిన్లకు ఇంకో బలహీనత ఉంది. క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన ఒక పళ్లచక్రం, దాన్ని పట్టి ఉంచే ఒక బోల్టు, ఒక చిన్న పిన్ను. సిలిండర్ల వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్, ఆయిల్ పంపు, పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు అన్నీ ఆ చక్రం తిప్పితేనే తిరుగుతాయి. ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని మాగ్నెటోలు రెండు పెట్టారు. కానీ ఈ చక్రం జారితే రెండూ ఒకేసారి పోతాయి. అందుకే ప్రొపెల్లర్ దేనికైనా తగిలితే ఆ చక్రాన్ని, దాని బిగింపును తప్పకుండా పరీక్షించాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2004లో ఆదేశించింది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు హ్యాంగర్ (విమానాల షెడ్డు) తలుపు తగిలి ప్రొపెల్లర్ రెక్కకు పెద్ద మరమ్మతు అవసరమైనా, ఎత్తైన గడ్డి తగిలి ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఠక్కున పడిపోయినా లైకమింగ్ కంపెనీ లెక్కలో అది ప్రొపెల్లర్ దెబ్బే.

డయల్ గేజ్ (ముల్లుతో వంకరను కొలిచే పరికరం) పెట్టి క్రాంక్‌షాఫ్ట్ ఫ్లాంజ్‌ను (ప్రొపెల్లర్ బిగించే పళ్లెంలాంటి కొస) తిప్పితే వంకర తెలుస్తుంది, అంగుళంలో వెయ్యో వంతుల దాకా. పగులు మాత్రం తెలియదు. దాని కోసం ఇంజిన్ మొత్తం విప్పి షాఫ్ట్‌ను బయటికి తీయాలి. జిడ్డు పోయేలా కడిగి, అయస్కాంతంగా మార్చి, మెరిసే రంగు పట్టించిన సన్నటి ఇనుప పొడిని నూనెలో కలిపి దాని మీద పోస్తారు. పగులు ఉన్నచోట అయస్కాంత బలరేఖలు బయటికి పొంగుతాయి, పొడి అక్కడ చేరుతుంది. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూస్తే ఊదా చీకట్లో ఆకుపచ్చటి సన్న గీత వెలుగుతుంది. ఆ గీత కనబడితే సాధారణంగా ఆ షాఫ్ట్ పని అయిపోయినట్టే.

పాత విమానం ఉన్నవాళ్లకు ఇక్కడే గుండె బరువెక్కుతుంది. విడిభాగాలు దొరకవు, ఇంజిన్ విప్పే ఖర్చు విమానం విలువలో పెద్ద వాటా. వంగిన ప్రొపెల్లర్ రెక్కను కొలిమిలో పెట్టి కొట్టిస్తే పోలేదా అనిపిస్తుంది. వద్దు. ఆ అల్యూమినియం మిశ్రమం బలమంతా దానికిచ్చిన ఉష్ణ సంస్కారంలో (హీట్ ట్రీట్‌మెంట్) ఉంది, మళ్లీ వేడిచేస్తే అది పోతుంది. దెబ్బ తగిలిన వెంటనే స్విచ్‌లు, పెట్రోలు కట్టేయాలి. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పకూడదు. మాగ్నెటో ఎర్తింగ్ తీగ తెగి ఉంటే స్విచ్ ఆపినా నిప్పురవ్వ పుడుతుంది, రెక్క మనిషిని కొడుతుంది. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు లాగ్‌బుక్‌లో రాసి, లైసెన్సు ఉన్న ఇంజనీరును పిలవాలి.

నిజాం కాలం నాటి మా మామునూరు విమానాశ్రయానికి మళ్లీ విమానాలు రప్పించేందుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అప్పటినుంచి వరంగల్ పిల్లలు పైలట్ కావడమెలా అని అడుగుతున్నారు. చీకటి గదిలో ఆ గీతను వెతికే మనిషి గురించి కూడా వాళ్లకు చెబుతున్నాను.

మామకు మాత్రం ఒక్క విషయం మింగుడుపడలేదు. పరీక్షలో అంతా బాగున్నా క్రాంక్‌షాఫ్ట్ వెనక పళ్లచక్రం బోల్టును తీసేసి కొత్తది వేస్తారంటే, "మంచిగున్న బోల్టు గూడ పడేస్తరా?" అన్నాడు.

"పడేస్తారు మామా" అన్నాను. ఆయన విరిగిన షియర్ బోల్టును ఇంకోసారి తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.