తుపాకీ పైకి కనబడాలా, దుస్తుల చాటున ఉండాలా: అపోహలు - వాస్తవాలు

డాలస్ ప్రాంతంలో హ్యాండ్‌గన్ లైసెన్సు తరగతులు చెప్పే శిక్షకుడిగా నా దగ్గరికి వచ్చేవారిలో ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు స్థిరపడిన తెలుగువారు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలోనే ఉంటారు. వారు మొదట అడిగేది ఏ పిస్టల్ కొనాలని. దాన్ని ఒంటిమీద ఎక్కడ, ఎలా పెట్టుకోవాలన్న ప్రశ్న కొన్న తర్వాత గానీ తట్టదు. చట్టంతో చిక్కులు, ప్రాణాపాయం రెండూ ఎక్కువగా ఈ రెండో ప్రశ్న దగ్గరే ఎదురవుతాయి. నేను రాసేది ప్రధానంగా టెక్సాస్ సంగతి. వేరే రాష్ట్రం మాట వచ్చినచోట దాని పేరు చెబుతాను.

అపోహ: టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదన్నారు కాబట్టి ఇక్కడ నివసించే ఎవరైనా తుపాకీ పెట్టుకుని తిరగవచ్చు.

వాస్తవం: 2021 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన హౌస్ బిల్ 1927, బహిరంగ ప్రదేశాల్లో హ్యాండ్‌గన్ ధరించడానికి లైసెన్సు తప్పనిసరి అన్న నిబంధనను మాత్రమే తొలగించింది, అసలు తుపాకీ కలిగి ఉండే అర్హత ఎవరికుందన్నది ఫెడరల్ చట్టం తేల్చే విషయం, అందులో ఈ బిల్లు వల్ల మారినదేమీ లేదు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు, అంటే ఎఫ్1 విద్యార్థులు, హెచ్1బీ ఉద్యోగులు, వారి హెచ్4 జీవిత భాగస్వాములు, పిల్లలను చూడటానికి బీ2 మీద వచ్చిన తల్లిదండ్రులు, సాధారణంగా తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి చట్టంలో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, దాన్ని నమ్ముకుని తుపాకీ కొనాలనుకునేవారు ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవాలని నా గట్టి సలహా, ఎందుకంటే 2022 నాటి సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

కలిగి ఉండటం అంటే సొంతంగా కొనుక్కోవడమే అని చాలామంది అనుకుంటారు. చేతిలోకి తీసుకోవడం కూడా కలిగి ఉండటమే. ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చిన రహీఫ్ అనే విదేశీ విద్యార్థి, కాలేజీ నుంచి తొలగించడం వల్ల వీసా హోదా పోయిన తర్వాత, షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చినందుకు కేసులో ఇరుక్కున్నాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన హోదా ఏమిటో నిందితుడికి తెలుసునని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది గానీ, రేంజ్‌లో కాల్చినంత మాత్రాన తప్పేమీ కాదని చెప్పలేదు. ఊరి నుంచి వచ్చిన నాన్నగారిని సరదాగా రేంజ్‌కు తీసుకెళ్లి ఫొటో తీయించాలనుకునేవారు ఈ కేసును గుర్తుంచుకోవాలి. గ్యాస్ స్టేషన్ కౌంటర్లో పనిచేసే కుర్రవాళ్లు కూడా అంతే: యజమాని క్యాష్ రిజిస్టర్ కింద పెట్టిన తుపాకీ యజమానికి చట్టబద్ధమే కావచ్చు, ఎఫ్1 మీద ఉన్న ఉద్యోగి దాన్ని తీసి పట్టుకుంటే కాదు. గ్రీన్ కార్డు ఉన్నవారు వీసా మీద ఉన్న మిత్రులతో ఒకే ఇంట్లో ఉంటుంటే, తుపాకీని సేఫ్‌లో పెట్టి దాని తాళంచెవిని, కోడ్‌ను తమ దగ్గరే ఉంచుకోవాలి.

అపోహ: తుపాకీ పైకి కనబడితే దొంగ దగ్గరికి రాడు, పోలీసులు పైకి పెట్టుకునేది అందుకే.

వాస్తవం: ఈ ఒక్క అపోహ మీదే తరగతిలో నాకు ఎక్కువ సమయం పడుతుంది. పోలీసు అధికారి నడుముకున్న తుపాకీని విడిగా చూడకూడదు. దాని వెనక రేడియో ఉంటుంది, పిలిస్తే వచ్చే సహచరులు ఉంటారు, ఒంటిమీద తూటాలను ఆపే చొక్కా ఉంటుంది, తుపాకీని లాక్కోబోయేవాడితో పెనుగులాడే శిక్షణ ఉంటుంది. అన్నిటికీ మించి, ఆయన గొడవ ఉన్నచోటికి వెళ్లవలసిన ఉద్యోగి. కిరాణా కొట్టులో పాలు కొనుక్కుంటున్న మీకు ఇవేవీ లేవు, గొడవ నుంచి దూరంగా వెళ్లే స్వేచ్ఛ మాత్రం ఉంది.

తుపాకీ చూసి వెనక్కి తగ్గే చిల్లర దొంగలు ఉండవచ్చు. కానీ తెగించి వచ్చినవాడికి మీ నడుముకున్నది ముందుగా అందే సమాచారం మాత్రమే: ఎవరి మీద మొదట దాడి చేయాలో, ఏది లాక్కోవాలో అతనికి తెలిసిపోతుంది, మీకు మాత్రం అతని గురించి ఏమీ తెలియదు. 2014 అక్టోబరులో ఆరెగన్ రాష్ట్రంలోని గ్రెషమ్‌లో, కొత్తగా కొన్న పిస్టల్‌ను పైకి కనబడేలా పెట్టుకుని వీధిలో నిలబడిన యువకుడి దగ్గరికి మరొకడు మాట కలుపుతూ వచ్చి, తన తుపాకీ తీసి గురిపెట్టి, ఆ కొత్త పిస్టల్‌నే పట్టుకుపోయాడు. 

అయినా పైకి పెట్టుకోవాలనుకుంటే, కనీసం హోల్‌స్టర్ (నడుముకు తగిలించుకునే తుపాకీ తొడుగు) విషయంలో రాజీ పడకూడదు. పోలీసులు వాడే హోల్‌స్టర్లలో తుపాకీని పట్టి ఉంచే లాక్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. వెనక నుంచి లాగితే అది ఊడి రాదు. కొట్లలో తుపాకీ పైకి పెట్టుకుని తిరుగుతూ నాకు కనిపించేవారిలో చాలామంది నడుముకు ఉండేవి కేవలం బిగుతు మీద ఆధారపడే చవకరకం హోల్‌స్టర్లు. లాక్ ఉన్న హోల్‌స్టర్ కొన్నంత మాత్రాన కూడా సరిపోదు, ఆ లాక్‌ను మీ బొటనవేలు ఆలోచించకుండానే తీసేంతగా ఖాళీ తుపాకీతో ఇంట్లో సాధన చేయాలి.

పొలాల్లో, రాంచ్‌లలో, పందుల వేటకు వెళ్లినప్పుడు, వంద డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండలో చొక్కా మీద చొక్కా వేసుకోలేని పనుల్లో పైకి పెట్టుకోవడమే సౌకర్యం, అక్కడ నాకు అభ్యంతరం లేదు. ఊళ్లో, జనంలో మాత్రం చాటున పెట్టుకోవడమే మేలని నేను చెబుతాను. వాణిజ్య సంస్థల ధోరణి కూడా ఇదే వైపు ఉంది. 2016 జనవరి 1 నుంచి లైసెన్సుదారులు పైకి పెట్టుకోవడానికి టెక్సాస్ అనుమతించగా, ఇక్కడి సొంత బర్గర్ సంస్థ వాటాబర్గర్ అంతకుముందే తమ దుకాణాల్లో అది వద్దని, చాటున ఉంటే ఫర్వాలేదని ప్రకటించింది. 2019లో ఎల్ పాసోలోని తమ దుకాణంలో జరిగిన కాల్పుల తర్వాత వాల్‌మార్ట్ కూడా ఇలాంటి విన్నపమే చేసింది.

చరిత్రలో ఈ అభిప్రాయం తలకిందులుగా ఉండేదన్నది ఆసక్తికరమైన సంగతి. 1813లోనే కెంటకీ, లూసియానా రాష్ట్రాలు ఆయుధాన్ని దాచి పెట్టుకోవడాన్ని నిషేధించాయి; పైకి పెట్టుకునేవాడు మర్యాదస్థుడని, దాచుకునేవాడు దొంగదెబ్బ తీసేవాడని ఆనాటి వారి భావన.

అపోహ: చాటున ఉంటే బయటికి తీయడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

వాస్తవం: చొక్కా ఎత్తడానికి కొంత అదనపు సమయం పట్టే మాట నిజం. అయితే 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ గమనించి చెప్పినట్లు, కత్తి పట్టుకుని పరుగెత్తే మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. అంత దగ్గరలో పైకి ఉన్నదైనా, చాటున ఉన్నదైనా సకాలంలో తీయడం కష్టమే. కారు తలుపుల మధ్య, గ్యాస్ పంపు దగ్గర, ఏటీఎం ముందు ఎవరు ఎంత దూరంలో ఉన్నారో తలెత్తి చూసే అలవాటు, ఫోన్ జేబులో పెట్టే అలవాటు ఆ క్షణంలో విలువైన సమయం సంపాదించి పెడతాయి.

అపోహ: దాచి పెట్టుకోవడమంటే రొంటిన దోపుకోవడమో, జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో వేసుకోవడమో.

వాస్తవం: ట్రిగ్గర్ గార్డును (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని) పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా తుపాకీ ఒంటిమీద ఉండకూడదు. ప్యాంటులో దోపుకున్న పిస్టల్ కదులుతుంది, జారుతుంది, జారినదాన్ని పట్టుకోబోయి వేలు ట్రిగ్గర్ మీద పడుతుంది. హ్యాండ్‌బ్యాగు మరీ ప్రమాదం: 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రం హేడెన్‌లోని వాల్‌మార్ట్‌లో రెండేళ్ల బిడ్డ తల్లి బ్యాగులోని పిస్టల్‌ను అందుకోగా అది పేలి ఆమె ప్రాణం పోయింది. బెల్టు లేని దుస్తులు వేసుకునే ఆడవారికి నడుముకు చుట్టుకునే పట్టీలు దొరుకుతాయి గానీ, మెత్తటి గుడ్డ పట్టీ మాత్రమే చాలదు, ట్రిగ్గర్ దగ్గర కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ కవచం ఉన్నదే తీసుకోవాలి. తుపాకీని తీయడం కంటే తిరిగి హోల్‌స్టర్లో పెట్టడం దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. చొక్కా అంచు ట్రిగ్గర్ దగ్గర చిక్కుకునేది అప్పుడే, కాబట్టి కళ్లతో చూస్తూ, నెమ్మదిగా పెట్టండి.

అపోహ: చొక్కా కింద నుంచి కొంచెం కనబడినా నేరమే.

వాస్తవం: హోల్‌స్టర్లో ఉన్నంతవరకు టెక్సాస్‌లో కాదు. ఇలినాయ్‌లో పైకి పెట్టుకోవడం నిషిద్ధమైనా, అక్కడి చట్టం కూడా పూర్తిగా గానీ అత్యధిక భాగం గానీ కనబడకుండా ఉంటే చాలంటుంది. నేరమయ్యేది కావాలని చూపించడం. హైవే మీద ఎవడో అడ్డొచ్చాడని చొక్కా పైకెత్తి పిడి చూపించేవారు, అది హోల్‌స్టర్లోనే ఉంది కదా అని వాదించినా, ఇతరులను భయపెట్టేలా ఆయుధం ప్రదర్శించిన నేరం నుంచి తప్పించుకోలేరు.

అపోహ: లైసెన్సు అక్కర్లేనప్పుడు దానికోసం తరగతి, పరీక్ష దండగ.

వాస్తవం: ఇది నా వృత్తికి లాభించే మాట కాబట్టి కారణాలు కూడా చెబుతాను. బడికి 1000 అడుగుల లోపు బహిరంగ స్థలంలో తూటాలు నింపిన తుపాకీతో ఉండటం ఫెడరల్ నేరం. ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు. మన ఇళ్లున్న సబర్బుల్లో బడికి 1000 అడుగుల లోపు రాని రోడ్డు దొరకడమే అరుదు. దుకాణాల ముందు కనబడే, టెక్సాస్ శిక్షాస్మృతి సెక్షన్ల నంబర్లతో పిలిచే బోర్డుల్లో కూడా తేడాలున్నాయి: 30.05 బోర్డు లైసెన్సు లేనివారిని ఆపుతుంది, 30.06 లైసెన్సుదారుడు చాటున పెట్టుకోవడాన్ని, 30.07 పైకి పెట్టుకోవడాన్ని నిషేధిస్తాయి. ఆదాయంలో 51 శాతం లేదా అంతకు మించి అక్కడే తాగే మద్యం మీద వచ్చే బార్ల ముందు ఎర్రటి 51 అంకె ఉంటుంది, అందులోకి తుపాకీతో ఎవరూ వెళ్లకూడదు. ఇక పరీక్ష 3, 7, 15 గజాల దూరం నుంచి 50 తూటాలు కాల్చడం. 70 శాతం వస్తే చాలు. నిజం చెప్పాలంటే అది మరీ తేలిక, దాంతో ఆగిపోకూడదు.

అపోహ: ఒక రాష్ట్రం లైసెన్సు అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. డ్రైవింగ్ లైసెన్సుకు ఉన్న వెసులుబాటు దీనికి లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చుట్టాలింటికి వెళ్లేవారు ముఖ్యంగా వినాలి: న్యూజెర్సీ ఏ ఇతర రాష్ట్రపు లైసెన్సునూ ఒప్పుకోదు. 2013లో పెన్సిల్వేనియా లైసెన్సు ఉన్న ఒక మహిళ, వాహనం ఆపిన అధికారికి తన దగ్గర తుపాకీ ఉందని తానుగా చెప్పి, అరెస్టయి, చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్షతో గానీ బయటపడలేదు.

అపోహ: మంచి ఉద్దేశంతో తుపాకీ తీసినవాడిని పోలీసులు గుర్తుపడతారు.

వాస్తవం: 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడాలో, ఒక పోలీసు అధికారిని చంపిన దుండగుడిని కాల్చి ఆపిన పౌరుడు, ఆ దుండగుడి రైఫిల్ చేతిలో పట్టుకుని ఉండగా, వచ్చిన మరో అధికారి తూటాకు బలయ్యాడు. 2022 జులైలో ఇండియానా రాష్ట్రం గ్రీన్‌వుడ్ మాల్‌లో మరో యువకుడు హంతకుడిని నిలువరించి బతికి బయటపడ్డాడు. రెండో కథనే అందరూ చెప్పుకుంటారు. ఇలాంటి సందర్భాలు అరుదన్నది కూడా తెలుసుకోవాలి. 2007 నుంచి 2011 వరకు అమెరికా నేర బాధితుల సర్వే సమాచారాన్ని పరిశీలించినప్పుడు, బాధితులు తుపాకీతో ఎదుర్కొన్న సంఘటనలు ఒక శాతంలోపే తేలాయి. తీయవలసే వస్తే, ప్రమాదం తప్పిన వెంటనే తుపాకీని హోల్‌స్టర్లో పెట్టేసి, 911కు ఫోన్ చేసి మీ దుస్తుల రంగు సహా మీ ఆనవాళ్లు చెప్పండి, చేతులు ఖాళీగా కనబడేలా ఉంచండి.

ట్రాఫిక్ స్టాప్ కూడా ఇలాంటిదే. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో క్యాస్టిల్ లైసెన్సు ఉన్నవాడు, తుపాకీ ఉందని మర్యాదగా చెప్పినవాడు, అయినా అధికారి కాల్పుల్లో చనిపోయాడు. చేతులు స్టీరింగ్ మీద ఉంచండి, తుపాకీ అన్న మాట పలికేటప్పుడు కదలకండి, టెక్సాస్‌లో అధికారి గుర్తింపు కార్డు అడిగితే హ్యాండ్‌గన్ లైసెన్సు కూడా చూపాలి, ఏది ఎక్కడుందో నోటితో చెప్పి అనుమతించాకే తీయండి. కారు బీమా కాగితాన్ని తుపాకీ ఉన్న గ్లవ్ బాక్సులో ఎప్పుడూ పెట్టకండి.