ఓవెర్న్ అగ్నిపర్వతాలు: గడ్డి కొండల వెనకున్న చరిత్ర

ఫ్రాన్స్ నడిబొడ్డున ఉన్న ఓవెర్న్ ప్రాంతంలో, క్లెర్మోఁ-ఫెరాఁ నగరానికి పడమట, దాదాపు 80 చిన్న అగ్నిపర్వతాలు 30 కిలోమీటర్లకు పైగా బారులు తీరి ఉన్నాయి. వీటినీ, దక్షిణాన ఉన్న సాంసీ, కాంటాల్ పర్వతాలనూ కలిపి 1977లో ఓవెర్న్ అగ్నిపర్వతాల ప్రాంతీయ ప్రకృతి పార్కును ఏర్పాటు చేశారు. ఈ కొండలను అడవికి వదిలేయాలా, లేక అగ్నిబిలాలు కనిపించేలా గడ్డినేలలుగానే నిలపాలా అన్న ప్రశ్న అక్కడ చాలాకాలంగా ఉంది. దాని మూలాలు పార్కు కంటే ఎంతో పాతవి.

ఇవి అగ్నిపర్వతాలన్న సంగతే 18వ శతాబ్దం దాకా పండితులకు పట్టలేదు. 1751లో ఆ దారిన ప్రయాణిస్తున్న ప్రకృతి శాస్త్రవేత్త గెటార్, కట్టడాలకు వాడిన నల్లరాయిని చూసి, అది వోల్విక్ గనుల నుంచి వస్తోందని తెలుసుకుని అక్కడికి వెళ్లాడు. అది లావా అని గుర్తించి, మరుసటి ఏడాది పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి నివేదించాడు. 1763లో దెమారే అనే మరో పరిశోధకుడు ఇక్కడి స్తంభాకార బసాల్ట్ శిలలను పరిశీలించి, అవి కూడా లావా నుంచే పుట్టాయని వాదించాడు. కొండల రూపం స్పష్టంగా కనబడటం ఈ పరిశోధనలకు కలిసివచ్చింది. ఆ స్పష్టత గొర్రెల చలవే. తరతరాలుగా మందలు మేయడం వల్ల కొండలు చాలావరకు చెట్లు లేకుండా ఉండేవి.

19వ శతాబ్దంలో బోడి కొండలపై చెట్లు నాటించడం మొదలైంది. ఆ పనికి ఆద్యుల్లో ఒకడైన మోంలోజియే ప్రభువు భవనంలోనే నేడు పార్కు కార్యాలయం ఉంది. 20వ శతాబ్దంలో పశుపోషణ తగ్గేకొద్దీ, నాటినవాటికి తోడు వాటంతటవే మొలిచిన చెట్లు కూడా వాలులను కమ్ముకున్నాయి.

ఈ వరుసలోని పారియూ కొండ ఈ చిక్కును దగ్గరగా చూపిస్తుంది. దాదాపు 90 మీటర్ల లోతున్న దాని బిలం అడుగు వరకూ పచ్చగడ్డితో నిండి, గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. ఆ పలుచని మట్టిపొర కిందంతా చిల్లులు పడిన లావా రాళ్లే. నడిచేవారి కాళ్ల కింద గడ్డి చిరిగిందంటే వానకు రాళ్లు జారిపోతాయి. అందుకే అక్కడ చెక్కమెట్లు కట్టారు. గడ్డిని చెట్లు కమ్మితే బిలం కనుమరుగవుతుంది, మనుషులు విపరీతంగా వస్తే బిలమే కోసుకుపోతుంది.

వన్యప్రాణుల చరిత్రలోనూ మనిషి చేయి ఉంది. కాంటాల్‌లో ఈలలు వేసే మార్మోట్‌లను (ఉడుత జాతికి చెందిన జంతువులను) గత శతాబ్దం నడుమ ఆల్ప్స్ నుంచి తెచ్చి వదిలారు. షామ్వా కొండమేకలను 1978లో ప్రవేశపెట్టారు. నీటికుక్కలు మాత్రం వేట నిషేధం తర్వాత తమంతట తామే వాగుల్లోకి తిరిగి వచ్చాయి. హిమనదాలు తొలిచిన పల్లాల్లోని చిత్తడి నేలల్లో హిమయుగం నుంచి మిగిలిన మొక్కలు ఇంకా బతికి ఉండటం నాకు అన్నిటికన్నా విలువైన విషయంగా తోస్తుంది.

1967 నాటి ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన ప్రాంతీయ పార్కులు జాతీయ పార్కుల వంటివి కావు. గ్రామ పురపాలికలు ఇష్టపూర్వకంగా చార్టర్ అనే ఒప్పందపత్రంపై సంతకం చేస్తాయి. నేరుగా నిషేధాలు విధించే అధికారం పార్కుకు లేదు. పైగా భూముల్లో చాలా భాగం ప్రైవేటువి లేదా ఊరి ఉమ్మడివి. కాబట్టి ఏ కొండను గడ్డిగా ఉంచాలన్నా సొంతదారులను, కాపరులను ఒప్పించాల్సిందే.

యునెస్కో గుర్తింపు ఈ బాధ్యతను మరింత పెంచింది. 2014లో, 2016లో నిర్ణయం వాయిదా పడ్డాక, 2018లో ఈ కొండల వరుసనూ పక్కనే ఉన్న లిమాన్య భ్రంశాన్నీ (భూపొరల్లో ఏర్పడిన చీలికను) ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. గుర్తింపు దక్కింది భూగర్భ విశేషాలకు. అవి కంటికి కనబడాలంటే మందలు కావాలి. ఈలోగా చట్టరక్షణ ఉన్న తోడేలు ఈ పర్వతాల్లో మళ్లీ కనిపిస్తుండటంతో, మేత భూములను కాపాడే కాపరులకు తమ మందలను కాపాడుకునే దిగులు కూడా తోడైంది.