అక్కచెల్లెళ్ల సంతకం

పొలం కొనేవాళ్ల తరఫు వకీలు ఇప్పుడు లింకు డాక్యుమెంట్లు తిరగేయకముందే ఒక మాట అడుగుతాడు: "అమ్మేవాళ్లకి అక్కచెల్లెళ్లు ఉన్నారా?" ఉంటే వాళ్ల సంతకాలు కావాలి. ఒకామె పక్క ఊళ్లో ఉండొచ్చు, ఇంకొకామె డాలస్‌లో ఉండొచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి వేలిముద్ర అయినా వేయాలి, అక్కణ్నుంచి పవర్ ఆఫ్ అటార్నీ అయినా పంపాలి. యాభై ఏళ్ల కింద ఈ ప్రశ్న ఎవరికీ తట్టేది కాదు. ఇంట్లో ఆడపిల్లలు ఎంతమంది అన్నది కట్నాల లెక్కకే తప్ప పొలం లెక్కకు పనికొచ్చేది కాదు.

పాత లెక్క మితాక్షర అనే పాత ధర్మశాస్త్ర వ్యాఖ్యానానిది. తండ్రి, కొడుకు, మనవడు, మునిమనవడు ఉమ్మడి ఆస్తికి పుట్టుకతోనే హక్కుదారులు. కూతురు ఆ వరసలో లేదు. ఇది మనకు బాగా పాత పరిచయమే. 13వ శతాబ్దంలోనే తిక్కన శిష్యుడు కేతన మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అన్న సామెతకు మాత్రం ఏ శాస్త్రమూ అక్కర్లేకపోయింది.

అలాగని కూతుర్ని ఒట్టి చేతులతో పంపేవాళ్లు కాదు. ఉన్నవాళ్ల ఇళ్లలో పసుపు కుంకుమ కింద ఎకరమో రెండెకరాలో రాసేవారు, లేదా నోటిమాటగా ఇచ్చేవారు. మేనరికాలు నడిచిన రోజుల్లో అది పెద్ద నష్టంగా కూడా కనపడలేదు. అక్కకు ఇచ్చిన చెక్క ఆమె కొడుక్కి పిల్లనిచ్చినప్పుడు మళ్లీ మన చుట్టూనే తిరిగేది. తర్వాత పొలం స్థానంలోకి డబ్బు వచ్చింది. కోస్తా ఆంధ్రలో కట్నాల మీద పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త కరోల్ ఉపాధ్య ఈ మలుపునే చర్చించారు. పొలం ఆడపిల్ల పేరున ఉండేది. చదువుకున్న పెళ్లికొడుక్కి ఇచ్చే రొక్కం అలా కాదు, అది అత్తవారి చేతిలోకి వెళ్లిపోయింది. 1961లో కట్నాన్ని నిషేధించారు. ఆ నిషేధం ఏ మాత్రం నడిచిందో పెళ్లి చేసిన ఎవర్నడిగినా చెబుతారు.

హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలను మార్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు కదలనందుకు అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. 1956లో వచ్చిన వారసత్వ చట్టం కూతురికి తలుపు తీసింది గానీ పూర్తిగా కాదు. తల్లి, తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న ఇల్లు అనుకుందాం. ఉమ్మడి పొలం 18 ఎకరాలు. తండ్రి వీలునామా లేకుండా పోతే ముందుగా తండ్రీకొడుకులకు చెరి తొమ్మిది. తండ్రి తొమ్మిదిని ముగ్గురూ పంచుకుంటే కొడుక్కి మొత్తం 12, కూతురికి 3, తల్లికి 3. ఇల్లు ఉందనుకోండి, అందులో వాటా కూతురికి ఉన్నా, మగవాళ్లు పంచుకునేదాకా పంచమని అడగడానికి వీల్లేదు.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1973లో భూపరిమితి చట్టం వచ్చేసరికి కొందరు భూస్వాములకు కూతుళ్లు హఠాత్తుగా గుర్తొచ్చారు. ఫలానా పొలం అమ్మాయికి పెళ్లినాడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశామన్న వాదనలు ట్రిబ్యునళ్లకు, అక్కణ్నుంచి హైకోర్టుకు వెళ్లాయి. పరిమితి చట్టం మేజరైన కొడుకు పేరు చెబితే ఇంకొంత భూమి ఉంచుకోనిచ్చింది. మేజరైన కూతురికి ఆ వెసులుబాటు లేదు. సర్కారు పుస్తకంలోనూ ఆమె ఇంకా "ఆడ" పిల్లే.

వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. చట్టం అచ్చయింది మాత్రం 1986లో. కొడుకులాగే కూతురూ పుట్టుకతో హక్కుదారు. కేరళ 1975లో చేసిన చట్టంతో ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసింది. ఉమ్మడిని ఉంచి అందులోకి కూతుర్ని తీసుకున్న మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో వచ్చాయి. పై లెక్కను ఇప్పుడు మళ్లీ వేస్తే తండ్రికి, కొడుక్కి, కూతురికి తలా ఆరు. తండ్రి ఆరును ముగ్గురికీ పంచితే కొడుక్కి 8, కూతురికి 8, తల్లికి 2. తల్లి వాటా మూడు నుంచి రెండుకు తగ్గింది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, కొడుకుల దగ్గర వంతులవారీగా ఉంటున్న తల్లుల్ని చూసినప్పుడల్లా నాకు ఈ ఎకరం గుర్తొస్తుంది.

అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు ఆ సవరణ వర్తించలేదు. 1985 ఆగస్టులో పెళ్లయిన అక్కకు లేదు, అక్టోబరులో పెళ్లయిన చెల్లికి ఉంది.

ఇళ్లలో ఏం జరిగింది? వాటాలు పడ్డాయా? చట్టాన్ని ముందుగా మార్చుకున్న రాష్ట్రాల మీద ఆర్థికవేత్త సంచారి రాయ్ చేసిన పరిశోధనలో తేలింది వేరు. కూతుళ్లకు ఆస్తి దక్కే అవకాశం పెరగలేదు. తండ్రులు బతికుండగానే కొడుకుల పేర రాసేశారు. అయితే ఆడపిల్లల్ని ఎక్కువ చదివించారు, లేదా ఎక్కువ కట్నం ఇచ్చారు. మన ఇళ్లలో వినపడే "నిన్ను ఇంజనీరింగ్ చదివించాం కదమ్మా, ఇంకేం కావాలి" అన్న మాట వెనక ఉన్నది ఇదే. కొడుకును చదివించిన ఖర్చు మాత్రం అతని వాటాలోంచి ఎవరూ కోయరు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. ఇది చట్టం మాట. ఇంటి లెక్క మాత్రం వేరే పుస్తకంలో ఉంటుంది.

2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ వచ్చిన సవరణ పెళ్లి తేదీ మెలికను తీసేసింది. ఇల్లు పంచమని అడగొద్దన్న సెక్షన్ కూడా పోయింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు హక్కేనంది. ఊళ్లలో అసలు టెన్షన్ మొదలైంది ఇక్కడే. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలు చెల్లుతాయి, కానీ రిజిస్టరు అయి ఉండాలి, లేదా కోర్టు డిక్రీ ఉండాలి. మనవాళ్లలో చాలామంది పంచుకున్నది పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద. నోటిమాట పంపకాన్ని గట్టి ప్రభుత్వ రికార్డులు తోడుంటే తప్ప ఒప్పుకోవద్దని అదే తీర్పు చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటున్న అన్నదమ్ములు, అమ్మబోయేసరికి అక్క ఇంటికి దారి వెతుక్కుంటున్నారు.

నా అంచనా ఏమిటంటే, ఊళ్లకు ఈ చట్టం తెలిసింది గెజెట్ వల్ల కాదు, భూమి ధర వల్ల. ఎకరం వేలల్లో ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు. రింగురోడ్డు, వెంచర్లు వచ్చి కోట్లయ్యాక, కొనేవాడికి రేపు ఏ ఆడపడుచు నోటీసు ఇస్తుందోనని భయం పట్టుకుంది. హక్కు గురించి ఇంట్లో చెప్పనిది ప్లాట్లు వేసే వ్యాపారి వచ్చి చెప్పాడు. ఇళ్లు దానికి సర్దుకున్నాయి కూడా, వాటా ఇచ్చి కాదు, సంతకం తీసుకుని.

సంతకం పెట్టేవాళ్లంతా ఏమీ తెలియక పెడుతున్నారనుకోను. తెలంగాణలో ఒడిబియ్యం పోసేది పుట్టింటివాళ్లు. కోస్తాలో సారె పెట్టేదీ వాళ్లే. రేపు అత్తింట్లో మాట తేడా వస్తే వచ్చి నిలబడాల్సినవాడు అన్న. ఆ గడప పోగొట్టుకోవడం కన్నా వాటా వదులుకోవడం చవక అని లెక్కవేసుకున్న ఆడవాళ్లది తెలివితక్కువతనం కాదు. కాకపోతే ఆ లెక్క మారుతోంది. అమ్మానాన్నలు పోయాక పుట్టిల్లే అమ్ముడైపోతోంది, అన్న బెంగళూరులోనో బోస్టన్‌లోనో ఉంటాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో స్త్రీకి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు. ఇద్దరూ ఆడపిల్లలే ఉన్న ఇళ్లలో ఈ గొడవే లేదు. తల్లిదండ్రుల్ని చూసుకునే బాధ్యతలో 2007 చట్టం కూతుర్నీ కలిపింది. ఆ పని చాలా ఇళ్లలో అంతకుముందు నుంచే ఆమె చేస్తోంది.

హక్కు విడుదల దస్తావేజుల్లో ఒక పడికట్టు వాక్యం ఉంటుంది: ఎవరి బలవంతమూ లేకుండా మనస్ఫూర్తిగా రాసి ఇచ్చినది. దానికి ముందు ప్రతిఫలం అంకె రాసేచోటు. చాలాకాలం అక్కడ "ప్రేమాభిమానాలతో" అని రాసేవారు, ఆమెకు ఒక పట్టుచీర పెట్టేవారు. ఈ మధ్య కొందరు అక్కలు వేలిముద్రకు ముందు కాగితం తీసుకుని ఆ వాక్యందాకా చదువుతున్నారు. "ఇక్కడ ఎంత రాస్తున్నావు తమ్ముడూ?" అని అడుగుతున్నారు.