చర్చి బెంచీల తగాదా: మెలిక పడింది 1839లో

ఇంగ్లండ్‌లో ఏదో ఒక పాత ఊరి చర్చి "బెంచీలు తీసేసి కుర్చీలు వేసుకుంటాం" అనగానే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. వికార్ (ఆ చర్చి పాస్టరు), సంఘ పెద్దలు చెప్పేది ఒకటే. ఆరాధనకు వచ్చే జనం తగ్గారు, వీల్‌చెయిర్ తిరగడానికి చోటు లేదు, వారం మధ్యలో ఫుడ్ బ్యాంకుకో పిల్లల కార్యక్రమానికో హాలు ఖాళీగా కావాలి. విక్టోరియా రాణి కాలపు కట్టడాలను కాపాడే విక్టోరియన్ సొసైటీ లాంటి పరిరక్షణ సంఘాలేమో ఆ బెంచీలు కట్టడంలో భాగమని, ఒకసారి బయటికి పోతే మళ్లీ రావని అంటాయి.

ఈ తగాదాకు మూలం 1839లో కేంబ్రిడ్జ్‌లో ఉంది. జాన్ మేసన్ నీల్, బెంజమిన్ వెబ్ అనే ఇద్దరు కుర్రాళ్లు, ఇంకా చదువు కూడా పూర్తికాకుండానే, కేంబ్రిడ్జ్ క్యామ్డెన్ సొసైటీని మొదలుపెట్టారు. 1841లో సొంత పత్రిక తెచ్చారు. నాలుగైదేళ్లలో సభ్యులు 700 దాటారు, వాళ్లలో బిషప్పులూ ఉన్నారు. చర్చి అంటే 14వ శతాబ్దపు ఇంగ్లిష్ గోథిక్‌లోనే ఉండాలన్నది వీళ్ల పట్టుదల. బలిపీఠం ఉండే చాన్సెల్ విడిగా, స్పష్టంగా కనిపించాలి. బాప్తిస్మపు రాతి తొట్టి గుమ్మం దగ్గర ఉండాలి. పల్పిట్, అంటే ప్రసంగ వేదిక, బలిపీఠానికి అడ్డు రాకూడదు. అన్నిటికంటే ముందు, బాక్స్ ప్యూలు పోవాలి.

ఈ బాక్స్ ప్యూ ఏమిటో తెలియాలంటే యార్క్‌షైర్ తీరంలో విట్బీ కొండ మీదున్న సెయింట్ మేరీస్ చర్చి చూడాలి. 12వ శతాబ్దంలో మొదలైన ఆ చర్చి లోపలిభాగం క్యామ్డెన్ వాళ్ల చేతిలో పడకుండా మిగిలింది. ఛాతీ ఎత్తు చెక్క గోడలు, ఒక్కో గదికి ఒక తలుపు. ఇలాంటి గదులు చాలా ఊళ్లలో కుటుంబాల సొత్తుగా ఉండేవి. కొన్నిటికి అద్దె, కొన్నిటికి తాళం. ఊళ్లో ఎవరి హోదా ఎంతో వాళ్ల చోటు చూసి చెప్పేయొచ్చు. విట్బీలో కొన్ని గదుల మీద "కొత్తవారికి మాత్రమే" అని ఇప్పటికీ రాసి ఉంది. ఇక అక్కడి జమీందారు చొమ్లీ కుటుంబం తమ ప్యూను ఏకంగా చాన్సెల్ తోరణానికి అడ్డంగా, మెలికల స్తంభాల మీద కట్టించుకుంది. మధ్యయుగపు చర్చిలో పెద్ద సిలువ, దానికి అటూ ఇటూ మరియ, యోహాను బొమ్మలు నిలిపే చోటది! 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కరణ కాలంలో బొమ్మలు పోయాయి, 1561లో ఎలిజబెత్ రాణి ఆజ్ఞతో వాటిని మోసే అటకలూ పోవాల్సి వచ్చింది. ఖాళీ అయిన చోట దొరగారు కూర్చున్నారు.

డబ్బులేనివాళ్లకు మిగిలింది నడవలో బల్లలు, లేదా వెనక గ్యాలరీ.

క్యామ్డెన్ వాళ్లు ఎక్కుపెట్టింది దీని మీదే. తలుపుల్లేని, అందరూ తూర్పుకు తిరిగి కూర్చునే బెంచీలు వేయమన్నారు. 1818 నుంచే ఉన్న ఇన్‌కార్పొరేటెడ్ చర్చ్ బిల్డింగ్ సొసైటీ వేరే దారిలో అదే పని చేస్తోంది. పేదలకు ఉచిత సీట్లు కేటాయిస్తేనే గ్రాంటు ఇచ్చేది. 1851లో జరిగిన మత గణనలో ఉచిత సీట్లెన్ని, కేటాయించినవెన్ని అని విడివిడిగా లెక్కపెట్టారంటే అప్పట్లో అదెంత వేడి విషయమో ఊహించుకోవచ్చు. ఇప్పుడు వారసత్వ సంపద అంటున్న విక్టోరియన్ బెంచీలు దేశమంతా పరుచుకున్నది ఈ ఊపులోనే. అవి వచ్చింది అంతకుముందున్న చెక్కపనిని పీకేసి. అప్పటి యజమానులు కూడా "మా హక్కు, మా తాతల నాటిది" అనే వాదించారు.

ఆ పీకుడులో పోకూడనివీ పోయాయి. మూడంతస్తుల పల్పిట్లు, గ్యాలరీలు, పాత గోడల మీది సున్నపు పూత పోయాయి. ఈ "పునరుద్ధరణ" మీద కోపంతోనే కవి, డిజైనర్ విలియమ్ మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు.

కుర్చీలు కోరే చర్చి సంఘాల వైపు నుంచి తరచూ వినపడే ఇంకో మాట, మధ్యయుగంలో సీట్లే ఉండేవి కావని. ఇది సగమే నిజం. సర్రీలోని డన్స్‌ఫోల్డ్‌లో 13వ శతాబ్దం చివరినాటి బెంచీలున్నాయి. 15వ శతాబ్దానికి చాలా చోట్ల వచ్చేశాయి. సోమర్సెట్‌లోని బ్రెంట్ నోల్‌లో బెంచీ చివరి చెక్కల మీద మఠాధిపతి వేషం వేసిన నక్క, చివరికి దాన్ని ఉరితీసే బాతులు ఉంటాయి. అలాంటివి తీసేస్తామని ఎవరూ అనడం లేదు. పేచీ అంతా 19వ శతాబ్దపు బెంచీల దగ్గరే.

బాత్ ఆబీ కేసు దీనికి పెద్ద పరీక్ష. పేరుకు ఆబీయే (మఠమే) అయినా అది పారిష్ చర్చే, అంటే ఊరి జనం చర్చే. 1499 ప్రాంతంలో కట్టడం మొదలైంది. 1860, 70లలో ఆర్కిటెక్ట్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్ వచ్చి నేవ్ (జనం కూర్చునే ప్రధాన హాలు) నిండా చెక్కిన ప్యూలు వేయించేదాకా అక్కడ సమాధి ఫలకాల నేలే కనిపించేది. ఆ ఫలకాల కింద వేల మందిని పాతిపెట్టారు. మట్టి కుంగి బోలు పడింది, నేల కూలే స్థితికి వచ్చింది. ప్యూలు కదపకుండా బాగుచేయడం ఎలా? స్కాట్ పనితనాన్ని పోగొట్టుకోకూడదని విక్టోరియన్ సొసైటీ గట్టిగా వాదించింది. 2017లో చర్చి కోర్టు ఆబీకి అనుమతి ఇచ్చింది.

అవును, చర్చి కోర్టే. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ భవనాలకు లిస్టెడ్ కట్టడాల (ప్రభుత్వ రక్షిత జాబితాలో ఉన్నవాటి) అనుమతి నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి లోపలి మార్పులు డయోసిస్ (బిషప్ పరిధి) కోర్టులో చాన్సలర్ అనే న్యాయవేత్త తేలుస్తారు. 2012లో డెర్బీషైర్‌లోని డఫీల్డ్ చర్చి కేసులో అపీలు కోర్టు ఇచ్చిన ప్రశ్నల వరసనే ఇప్పుడు అందరూ పట్టుకుంటున్నారు. మార్పు వల్ల కట్టడం ప్రాముఖ్యానికి హాని ఉందా, ఉంటే ఎంత, దానికి చూపే కారణం ఎంత బలమైంది, జనానికి కలిగే మేలు ఆ హానిని మించుతుందా? హాని పెద్దదయ్యేకొద్దీ చూపాల్సిన మేలూ పెరగాలి. అందుకే సంఘం తన అర్జీతో పాటు అవసరాల పత్రం ఇవ్వాలి. చలి, వీల్‌చెయిర్, ఫుడ్ బ్యాంకు అన్నీ అందులోకే రావాలి. "కుర్చీలైతే సౌకర్యం" అన్న ఒక్క వాక్యంతో వెళ్తే పని జరగదు. గెలిచినా చివర్లో ఇంకో చిక్కుంది. మెత్తలు కుట్టిన కుర్చీలు పాత చర్చిలకు నప్పవని, చెక్క కుర్చీలే వేయమని చర్చ్ బిల్డింగ్స్ కౌన్సిల్ సలహా.