తూర్పు అమెరికాలో కూగర్లు ఇంకా ఉన్నాయా? అపోహలు - వాస్తవాలు

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో అడవి జంతువుల జాడలు పరిశీలించడం నా పని. ఎవరైనా "కూగర్‌ని చూశాం" అని చెబితే ఆ ఫొటో నా దగ్గరికి వస్తుంది. అవసరమైతే టేపు, కాగితం కవర్లు సర్దుకుని నేనే వెళ్తాను. ఈమధ్య ఫోన్ చేసేవాళ్లలో మనవాళ్లు బాగా పెరిగారు. న్యూజెర్సీ, కనెక్టికట్, పెన్సిల్వేనియాల్లో ఇల్లు కొనుక్కున్న చాలామందికి పెరడు దాటితే అడవే. డోర్‌బెల్ కెమెరాలో ఏదో కదులుతుంది, ఆ క్లిప్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది, తెల్లారేసరికి ఊరందరికీ టెన్షన్. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. కూగర్, ప్యూమా, మౌంటెన్ లయన్, పాంథర్, కాటమౌంట్... ఇన్ని పేర్లూ ఒక్క జంతువువే. అది మన పులీ కాదు, చిరుతా కాదు. పెద్దయ్యాక ఒంటి మీద మచ్చలుండవు, ఎండుగడ్డి రంగులో ఉంటుంది. లావుపాటి తోక దాదాపు నేలదాకా వేలాడుతుంది. ఆ తోక గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

అపోహ: ప్రభుత్వమే అంతరించిందని ప్రకటించింది. ఇక తూర్పున కూగర్ కనబడితే అది అబద్ధమే.

ప్రకటించిన మాట నిజం. 1973లో ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చిన "తూర్పు కూగర్"ను అమెరికా ఫెడరల్ వన్యప్రాణి శాఖ 2011లో అంతరించిందని తేల్చింది, 2018లో జాబితా నుంచి తీసేసింది. పంతొమ్మిదో శతాబ్దంలో అడవులు నరికి పొలాలు చేశారు, జింకల్ని వేటాడి ఊడ్చేశారు, కూగర్ తలకి ఇంత అని బహుమానం కట్టారు. వెర్మాంట్‌లో 1881లో కాల్చిన కూగర్‌ని గడ్డి కూరి దాచుకున్నారు, ఆ రాష్ట్రానికి అదే ఆఖరిదని చెప్పుకుంటారు. మెయిన్ రాష్ట్రంలో 1938లో చంపినది మొత్తం తూర్పుకే ఆఖరిదిగా లెక్క.

కానీ ఆ ప్రకటన అక్కడ పుట్టి పెరిగిన సంతతి గురించి. పడమర నుంచి నడిచి వచ్చేవాటి గురించి కాదు. పైగా ఉత్తర అమెరికా కూగర్లన్నీ ఒకే ఉపజాతి అని 2000లో వచ్చిన జన్యు పరిశోధన చెప్పింది. "తూర్పు కూగర్" అన్నది వేరే జంతువే కాదన్నమాట.

2011 జూన్‌లో కనెక్టికట్‌లోని మిల్‌ఫోర్డ్ దగ్గర, హైవే మీద, రాత్రిపూట ఒక కారు కింద మగ కూగర్ పడి చనిపోయింది. 63 కిలోల బరువు. ఎవరో పెంచుకున్నది తప్పించుకుని ఉంటుందని మొదట అందరూ అనుకున్నారు. డీఎన్ఏ చూస్తే అది సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ కూగర్ల రక్తం. అంతటితో ఆగలేదు. మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో 2009 - 10 చలికాలంలో దొరికిన వెంట్రుకలు, మలం కూడా ఈ జంతువువే. 2010 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రం లేక్ జార్జ్ దగ్గర ఒక ఇంటి పెరట్లో మంచు మీద దొరికిన వెంట్రుకలూ దీనివే. అంటే నాలుగైదు రాష్ట్రాలు, గడ్డకట్టిన నదులు, రైలు పట్టాలు, ఊళ్లు దాటుకుంటూ 2,400 కిలోమీటర్లకు పైగా నడిచింది. ఇంత దూరం నడిచి అట్లాంటిక్ సముద్రానికి కూతవేటు దూరంలో చచ్చిపోయింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది. అది ఎందుకు నడిచిందో తెలుసు కాబట్టి.

అపోహ: ఒకటి కనబడిందంటే ఇంకా పదో పాతికో లోపల దాగి ఉన్నట్టే.

నా పనిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వివరించాల్సి వచ్చేది ఇదే.

కూగర్ కూనలు ఏడాదిన్నర వయసు అటూ ఇటూగా తల్లిని వదిలిపెడతాయి. ఆడపిల్ల చాలావరకు తల్లి తిరిగే చోటికి దగ్గర్లోనే స్థిరపడుతుంది. మగపిల్ల అక్కడ ఉండలేడు, పెద్ద మగవి ఉండనివ్వవు. వాడు ఖాళీ చోటు, జింకలు, తోడు వెతుక్కుంటూ బయల్దేరతాడు. తోడు దొరికితే ఆగిపోతాడు. దొరక్కపోతే నడుస్తూనే ఉంటాడు. కనెక్టికట్ దాకా వచ్చిన మగ కూగర్ దారిలో ఒక్క ఆడదాని వాసన తగిలినా ఆగి ఉండేదని నా నమ్మకం. 2008లో చికాగో నగరంలో పోలీసులు కాల్చిందీ మగదే, దాని రక్తమూ బ్లాక్ హిల్స్‌దే. కాబట్టి అంత దూరం వచ్చిన ఒంటరి మగ కూగర్ కనబడితే నేను దాన్ని గుంపుకి సాక్ష్యంగా చూడను. చుట్టుపక్కల ఆడది లేదనడానికే ఎక్కువ సాక్ష్యంగా చూస్తాను.

ఇంకో లెక్క. మిసిసిపీ నదికి తూర్పున స్థిరంగా పిల్లల్ని పెడుతూ బతుకుతున్న కూగర్ల సంతతి దక్షిణ ఫ్లోరిడాలోనే ఉంది. పెద్దవి, పిల్లప్రాయం దాటినవి కలిపి 120 నుంచి 230 దాకా ఉంటాయని అంచనా. అంత కొద్ది జంతువుల్లోనే చాలా ఏళ్లలో ఇరవై, ముప్పై దాకా బండ్ల కింద పడి పోతున్నాయి. మరి ఈశాన్య రాష్ట్రాల్లో రహస్యంగా వంద కూగర్లు బతుకుతుంటే, ఇన్ని రోడ్లు, ఇంతమంది వేటగాళ్లు, చెట్టుకో ట్రయల్ కెమెరా (జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసేది), నెలల తరబడి మంచు ఉన్న చోట ఏటా ఒక్క కళేబరమైనా దొరకదా? లేదని నిరూపించలేం అంటారు చాలామంది. కానీ ఉంటే తప్పకుండా దొరకాల్సినవి ఏళ్ల తరబడి దొరక్కపోవడం కూడా సాక్ష్యమే.

ఆడవాటి విలువ ఏమిటో ఫ్లోరిడాలోనే చూడాలి. 1990ల మొదట్లో అక్కడ ఇరవై ముప్పైకి మించి మిగల్లేదు. దగ్గరి రక్తంలోనే పిల్లలు పుట్టి తోకలు వంకర తిరిగాయి, గుండె లోపాలు వచ్చాయి. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడవాటిని తెచ్చి వదిలారు. అక్కణ్నుంచే సంఖ్య కోలుకుంది. అయినా అవి తిరిగే చోటుకి ఉత్తర హద్దులా ఉన్న కలూసహాచీ నదికి ఆవల, ఉత్తరాన చాలా ఏళ్లపాటు మగవే దొరికేవి. నది దాటిన ఆడ కూగర్, దాని వెంట కూనలు ఉన్నాయని 2017లో కెమెరాల్లో ఖాయమైంది. 1973 తర్వాత అదే మొదటిసారి. ఒక్క నది దాటడానికి అన్నేళ్లు పట్టింది!

అందుకే 2025 మార్చిలో మిషిగన్ నుంచి వచ్చిన వార్తకి మా రంగంలో అందరం కుర్చీల్లోంచి లేచాం. ఆ రాష్ట్రం ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలోని ఒంటొనాగన్ కౌంటీలో రెండు చిన్న కూనల ఫొటోలు నిజమైనవేనని అక్కడి రాష్ట్ర శాఖ ధ్రువీకరించింది. 2008 నుంచి అక్కడ పెద్ద కూగర్లు కెమెరాలకి చిక్కుతూనే ఉన్నాయి గానీ, కూనలు కనబడటం వందేళ్లలో అదే మొదటిసారి. ఆ ఫొటోల్లో తల్లి లేదు. కానీ తల్లి లేకుండా కూనలు రావు కదా.

అపోహ: నల్ల కూగర్లు తిరుగుతున్నాయి.

లేవు. నల్ల కూగర్ ఒక్కటి కూడా ఇప్పటిదాకా శాస్త్రీయంగా నమోదు కాలేదు. బ్లాక్ పాంథర్ అనేది నల్లగా పుట్టిన చిరుతో, జాగ్వారో. తూర్పు అమెరికాలో చిరుతలు అడవిలో ఉండవు, జాగ్వార్లూ లేవు.

అపోహ: కళ్లారా చూశాను, తప్పెలా అవుతుంది?

గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన తెల్లవారుజామున వాకింగ్‌కి బయల్దేరుతూ, చెత్తడబ్బాల పక్కన పులిని చూశానని చెప్పారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, ఆ భయమూ నిజమే. కెమెరా క్లిప్ ఉంది. గోధుమరంగు జంతువు, పొడుగు తోక, చెక్క కంచె పక్కనుంచి నడిచి వెళ్లింది. చుట్టూ చీకటి, దాని సైజు పోల్చుకోవడానికి ఏమీ లేదు.

నేను అట్టపెట్టె కోసి, కూగర్ భుజం ఎత్తుకి, అంటే 70 సెంటీమీటర్లకి, ఒక ముక్క చేసి తీసుకెళ్లాను. "అంకుల్, జంతువు ఎక్కడ నడిచిందో సరిగ్గా అక్కడ దీన్ని పట్టుకోండి" అని చెప్పి అదే కెమెరాతో తీశాను. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాం. అట్టముక్క కంచెలో సగం దాటింది. జంతువు వీపు కంచె అడుగున ఉన్న అడ్డచెక్క దాకా కూడా రాలేదు. అది ఎవరింటి పిల్లో. ఆయన చాలాసేపు ఫోన్ చూసి, "నా గుండెదడకి అది పెద్దదైపోయింది బాబూ" అన్నారు. ఎవరికైనా అంతే. చీకట్లో, భయంలో, మన కన్ను ముందు జంతువు పేరు నిర్ణయించుకుని తర్వాత సైజు కొలుస్తుంది.

నాకు వచ్చే ఫొటోల్లో పిల్లులు, బాబ్‌క్యాట్లు (ఇక్కడి పొట్టి తోక అడవి పిల్లులు), గజ్జి పట్టి బొచ్చూడిన కొయోటీలు (నక్కకి దగ్గరి జంతువులు), లేత గోధుమరంగు పెద్ద కుక్కలు ఎక్కువ. బాబ్‌క్యాట్‌కి తోక జానెడు కూడా ఉండదు. తోక కనబడితే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది. అడుగుజాడ అయితే చూడాల్సింది ముఖ్యంగా మడమ దిండు, అంటే వేళ్ల వెనక ఉండే పెద్ద మెత్త. కూగర్‌కి దాని వెనక అంచున మూడు మడతలు కనబడతాయి. వేళ్ల ముందు గోళ్ల గుర్తులు సాధారణంగా పడవు, ఎందుకంటే పిల్లిజాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. కుక్క జాడలో గోళ్లు పడతాయి. కూగర్ జాడ వెడల్పు మూడు, మూడున్నర అంగుళాలు. కరుగుతున్న మంచులో ఏ జాడైనా వెడల్పవుతుంది కాబట్టి ఎండెక్కిన తర్వాత తీసిన ఫొటోని నేను నమ్మను.

అపోహ: జింకల్ని తగ్గించడానికి ఆఫీసర్లే తెచ్చి వదిలారు, ఇప్పుడు దాస్తున్నారు.

ఈశాన్యంలోగానీ మిడ్‌వెస్ట్‌లోగానీ అలా తెచ్చి వదిలిన దాఖలా లేదు. ఫ్లోరిడాలో టెక్సాస్ కూగర్లని వదిలింది బహిరంగంగానే, అంతా రాసిపెట్టి ఉంది. మిషిగన్, విస్కాన్సిన్, మిసోరి శాఖలు ఖాయమైన ప్రతి కూగర్‌నీ తేదీతో, చోటుతో బయటపెడుతున్నాయి. అప్పుడప్పుడు తూర్పున దొరికినవాటి డీఎన్ఏలో దక్షిణ అమెరికా మూలాలు బయటపడతాయి. అవి ఎవరో పంజరంలో పెంచి వదిలేసినవో, తప్పించుకున్నవో. ఇంట్లో కూగర్‌ని పెంచుకునేవాళ్ల మీద నాకు నిజంగా కోపం.

అపోహ: కూగర్ వస్తే పిల్లల్ని బయటికి పంపలేం.

వందేళ్లకు పైగా కాలంలో ఉత్తర అమెరికా మొత్తం మీద కూగర్ దాడిలో చనిపోయినవాళ్లు ముప్పైకి అటూ ఇటూ. జింకలు కార్లకి అడ్డొచ్చి ఈ దేశంలో ప్రతి ఏడాదీ వందమందికి పైగా పోతున్నారు. తూర్పున కూగర్లు తిరిగి స్థిరపడితే ముప్పై ఏళ్లలో అలాంటి ప్రమాదాలు 22 శాతం తగ్గొచ్చని 2016లో ఒక పరిశోధన లెక్కగట్టింది. అయినా ఎదురుపడితే పరుగెత్తకండి. చిన్నపిల్లల్ని ఎత్తుకుని, చేతులు పైకెత్తి పెద్దగా కనబడుతూ, గట్టిగా అరుస్తూ, చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి నడవండి.

మీ పెరట్లో అనుమానం వస్తే ఏం చేయాలో చెబుతాను. క్లిప్‌ని గ్రూపులో పెట్టేముందు మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖకి పంపండి. జాడ ఉంటే పక్కన స్కేలు పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయండి. ఒకటి కాదు, వరసగా నాలుగైదు జాడలు. ఆకులు, గడ్డి కప్పిన జింక కళేబరం కనబడితే ముట్టుకోకుండా వెంటనే దూరం వెళ్లండి, దాన్ని తిన్న జంతువు మళ్లీ రావచ్చు. వెంట్రుకలు గానీ మలం గానీ కనబడితే చేత్తో తాకకండి, పైన బకెట్ బోర్లించి, ఎండెక్కకముందే ఫోన్ చేయండి.