చెక్కు వెనక నాలుగు లైన్లు: అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో కూర్చుని ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి అనువాదం చేస్తానంటేనే మా వీధిలో వింతగా చూస్తారు. చెక్కులు, సర్టిఫికెట్ల మీద ‘అసలుదో నకిలీదో ఇలా చూసుకోండి’ అని ఉంటుందే, అది కూడా నా పనే అంటే ఇక ప్రశ్నలకు కొదవుండదు.

అపోహ: ‘నాలుగు లైన్లే కదప్పా, ఫోన్‌లో వేస్తే అయిపోదా?’

ఫోన్ అన్నీ మార్చేస్తుంది, చిక్కల్లా అక్కడే. చాలా అమెరికా చెక్కుల్ని జిరాక్స్ తీస్తే డిజైన్‌లో దాగిన ‘వాయిడ్’ (చెల్లదు) అనే మాట కాపీ మీద తేలుతుంది. మన బ్యాంకులిచ్చే సీటీఎస్-2010 రకం చెక్కుల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. కొత్తలో నేను ఆ సంగతి చెప్పే లైన్లోని ‘వాయిడ్’ను కూడా శ్రద్ధగా ‘నూలో’ అని స్పానిష్ చేసేశాను. భాష వరకు తప్పులేదు. కానీ కాగితం మీద తేలేది వాయిడ్. స్పానిష్ చదివే మనిషి జిరాక్స్ కాపీని చేతిలో పట్టుకుని నూలో కోసం వెతుకుతాడు. అది లేదు కాబట్టి ‘అసలుదే’ అని డబ్బులిచ్చేస్తాడు! ప్రూఫ్ చూసినామె పట్టుకుంది, బతికిపోయాను. అప్పట్నుంచి అచ్చులో ఉన్న మాటను అలాగే ఉంచి, అర్థం పక్కన రాస్తున్నాను. నమూనా కాగితం ఫొటో పంపనిదే పని మొదలుపెట్టను.

అపోహ: డిక్షనరీ ఉంటే చాలు.

జేబులోని 500 నోటు తీయండి. వాల్చి చూస్తే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. వెలుతురుకు అడ్డం పెడితే ఖాళీ జాగాలో గాంధీ కనిపిస్తాడు. వాల్చడం వేరు, వెలుతురుకు పట్టడం వేరు. అమెరికా చెక్కుల వెనక ఉండే కృత్రిమ వాటర్‌మార్క్ అచ్చు వేసింది, వాల్చితేనే కనబడుతుంది. అసలు వాటర్‌మార్క్ కాగితం మందంలో తేడా, వెలుతురు కావాలి. వాటర్‌మార్క్ అనగానే అలవాటుగా ‘అల్ త్రాస్లుస్’, అంటే వెలుతురుకు పట్టి, అని రాసేస్తే మంచి చెక్కు కూడా దొంగ చెక్కయిపోతుంది. నోటు మీద వేలికి తగిలే ఉబ్బెత్తు అచ్చు స్పానిష్‌లో ‘కాల్కోగ్రఫీయా’. దానికి బదులు చాలామంది రాసే ‘ఉయెకోగ్రాబాదో’ పత్రికలు, రేపర్లు వేసే అచ్చు. దాన్ని ఎంత తడిమినా ఏమీ తగలదు.

అపోహ: ‘దొంగలకు దారి చూపిస్తున్నావు.’

నకిలీని పట్టించే గుర్తుల్లో మామూలు కన్నుకు, వేలికి అందేవి కొన్ని. భూతద్దం, యూవీ లైటు అడిగేవి మరికొన్ని. ల్యాబ్‌లో మాత్రమే తేలేవి మూడో రకం, అవి నా దాకా రానే రావు. ‘ఇక్కడ చెప్పినవే కాక చెప్పనివి కూడా ఉన్నాయి’ అని కొన్ని చెక్కుల మీద ఉంటుంది. అనవసరమని దాన్ని ఎగరగొట్టే అనువాదకులున్నారు. దొంగ చదవాల్సిన లైను అదొక్కటే!

అపోహ: స్పానిష్ ఎక్కడైనా ఒకటే.

మెక్సికోలో ఒకటిన్నర అంటే 1.5, స్పెయిన్‌లో 1,5. ఇక ఇంగ్లీషు కంటే స్పానిష్ పొడుగు, ఆ లైన్లు అచ్చయ్యే పెట్టె మాత్రం పెరగదు. చెక్కు వెనక సంతకానికి వదిలిన 1.5 అంగుళాల్లోకి అక్షరం జారకూడదు. అప్పుడు మాటల కోత మొదలవుతుంది. ముందు పోయేది ‘దయచేసి’. మన ‘చూడండి’లో లాగే స్పానిష్‌లోనూ మర్యాద క్రియలోనే ఉంది.